దారి తెలియని కరుణ: అట్లాంటిక్ బానిస వ్యాపారం, సాహిత్యం

అట్లాంటిక్ బానిస వ్యాపారం మీద వచ్చిన సాహిత్యం గురించి మన సభల్లో మాట్లాడినప్పుడల్లా చర్చ ఒకే మాట దగ్గర ఆగిపోతోంది: 'ఎంత అమానుషం!' అమానుషమే. అందులో భిన్నాభిప్రాయానికి తావు లేదు. కాని మూడున్నర శతాబ్దాలపాటు రాజుల అనుమతి పత్రాలతో, వర్తకుల అప్పులతో, బీమా హామీలతో సాగిన ఒక వ్యవస్థను విశేషణం వివరించలేదు. పైగా ఆ విశేషణం మనకొక సౌకర్యం కల్పిస్తుంది. నేరమంతా కొరడా పట్టిన నావికుడి మీదికి తోసేసి, పాఠకుడు కళ్ళు తుడుచుకుని పుస్తకం మూసెయ్యవచ్చు.

సాహిత్యానికి కరుణ అనవసరమని నేననడం లేదు. దారి తెలియని కరుణ సగంలోనే ఆగిపోతుందని మాత్రం అంటున్నాను. దారి అంటే ఓడ నడిచిన సముద్రమార్గం ఒక్కటే కాదు. మనిషికి వెలగా ఇచ్చిన సరుకు ఎక్కడ తయారైంది, పెట్టుబడి ఎవరిది, పట్టి అమ్మింది ఎవరు, కొన్నది ఎవరు, ఆ చెమటతో పండిన పంచదార ఎవరి కప్పులో కరిగింది – ఇదంతా దారే. ఒక రచన ఈ దారిని ఎంతవరకు చూపించింది అన్నది దాని విలువ కట్టడానికి ఒక గీటురాయి అని నేను భావిస్తున్నాను. ఆ గీటురాయి మీద కొన్ని రచనలను పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందు చరిత్ర. చరిత్ర పుస్తకాలు ఈ వ్యాపారాన్ని సాధారణంగా ఒక త్రికోణంగా చూపిస్తాయి. యూరప్ నుంచి సరుకులు ఆఫ్రికాకు, ఆఫ్రికా నుంచి మనుషులు అమెరికా ఖండాలకు, అక్కడినుంచి పంచదార, పొగాకు, పత్తి యూరప్‌కు. లివర్‌పూల్, బ్రిస్టల్, నాంట్ రేవుల విషయంలో ఇది నిజం. కాని ఇది సగం చిత్రమే. అట్లాంటిక్‌లో గాలులు, నీటి ప్రవాహాలు రెండు పెద్ద చక్రాలుగా తిరుగుతాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. దక్షిణ చక్రాన్ని పట్టుకుని రియో డి జనీరో, సాల్వడార్ రేవుల వర్తకులు యూరప్‌తో పనిలేకుండా నేరుగా ఆఫ్రికాకు ఓడలు నడిపారు. బ్రెజిల్‌లో కాచిన చెరకు సారా, బహియా పొగాకు తీసుకువెళ్ళి అంగోలా నుంచి, బెనిన్ అఖాతం నుంచి మనుషుల్ని తెచ్చుకున్నారు. అది త్రికోణం కాదు, రానూపోనూ గీత. మనుషుల సంఖ్యను బట్టి చూస్తే అన్నిటికంటె పెద్ద దారి ఇదే.

ఓడల రికార్డులను దశాబ్దాలుగా పోగుచేసిన పరిశోధకులు 36,000కు పైగా ప్రయాణాల వివరాలు సేకరించారు. వారి అంచనా ప్రకారం ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కినవారు సుమారు 1 కోటి 25 లక్షలు. ప్రాణాలతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. మధ్యలో పోయిన 18 లక్షల మందికి సముద్రమే సమాధి. దిగినవారిలో 48 లక్షలకు పైగా బ్రెజిల్‌కే చేరారు. ఈనాటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేల మీద ఆఫ్రికా నుంచి నేరుగా దిగినవారు 4 లక్షల లోపే. బార్బడోస్ అనే చిన్న దీవికి చేరినవారు అంతకంటె ఎక్కువ.

ఈ అంకెల వెనక చెరకు గానుగ ఉంది. చెరకు కొట్టిన వెంటనే ఆడించాలి, లేకపోతే రసం చెడిపోతుంది. కోతల కాలంలో గానుగలు రాత్రింబవళ్ళు తిరిగేవి. ఆ పనిలో మనుషులు త్వరగా చచ్చిపోయేవారు, పిల్లలు బతికేవారు కాదు. తోట యజమాని లెక్కలో పసివాణ్ణి పెంచి పెద్దచేయడంకంటె కొత్త మనిషిని కొనడం చవక. అందుకే ఈనాటి హైతీ అయిన సాన్-డొమింగ్‌కు 7 లక్షలకు పైగా మనుషుల్ని తెచ్చినా, 1790 నాటికి అక్కడ మిగిలిన బానిసలు సుమారు 5 లక్షలు. ఓడలు ఆగకుండా తిరగడానికి కారణం నావికుల క్రూరస్వభావం కాదు, గానుగ ఆకలి.

2

రెండో ప్రశ్న: ఆఫ్రికా తీరంలో మనిషికి వెలగా ఏమిచ్చారు? తుపాకులు, మందుగుండు, సారా, ఇనుప కడ్డీలు, పూసలు అని మనం వింటూ వచ్చాం. ఇవన్నీ నిజమే. కాని చాలా రేవుల్లో వీటన్నిటికంటె పెద్ద సరుకు బట్ట. 18వ శతాబ్దంలో ఆ బట్టలో గణనీయమైన భాగం మన దేశపు నూలుబట్ట. కోరమండల్ తీరంలో నేసిన ఒక రకం బట్టకు యూరప్ వర్తకులు పెట్టిన పేరే 'గినీ బట్ట'. గినీ అంటే పశ్చిమాఫ్రికా తీరం. దానితోపాటు మాల్దీవుల గవ్వలు బెంగాల్, సింహళం మీదుగా యూరప్ చేరి, అక్కడినుంచి విదా వంటి ఆఫ్రికా రేవుల్లో నాణేలుగా చెలామణి అయ్యాయి.

కంపెనీ గుమాస్తా దగ్గర బయానా తీసుకుని మగ్గం మీద కూర్చున్న మన నేతగాడికి ఈ సంగతి తెలియదు. అతనే ఆ బయానాకు కట్టుబడి నలిగిపోతున్నవాడు. అతణ్ణి దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే కథ ఇక్కడితో ఆగలేదు. ఆఫ్రికా అంగడి కోసం మన బట్టలను అనుకరిస్తూ లాంకషైర్ నూలు పరిశ్రమ చేయి తిప్పుకుంది. తర్వాత అమెరికా బానిసలు ఏరిన పత్తితో పెరిగి మహాశక్తి అయింది. చివరికి ఆ మిల్లుబట్టే మన మగ్గాన్ని దెబ్బతీసింది. నేతపనివారి దుస్థితి మీద మనకు కవిత్వం ఉంది, మంచి కథలున్నాయి. వాటిలో ఈ దారి కనపడదు. కనపడి ఉంటే మన మగ్గం కథ, మిసిసిపీ పత్తిచేను కథ ఒకే కథలో రెండు అధ్యాయాలని పాఠకుడికి తెలిసేది.

3

ఇక సాహిత్యానికి వస్తాను. తెలుగు పాఠకుల్లో చాలామందికి బానిస ఓడతో తొలి పరిచయం అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' ద్వారా, సహవాసి దానికి చేసిన సంక్షిప్తానువాదం 'ఏడు తరాలు' ద్వారా జరిగింది. ఆ పుస్తకం మన యువతరానికి చేసిన మేలు తక్కువది కాదు. బానిసకు ఊరూ పేరూ ఉంటాయని, పేరు పోగొట్టుకోవడం కూడా ఒక హింసేనని కుంటా కింటే నేర్పాడు. ఓడ అడుగున చీకట్లో, వేరువేరు భాషల మనుషులు గుసగుసలతో ఒకరికొకరు అర్థమవుతూ తిరుగుబాటుకు సిద్ధపడే ఘట్టాలు ఆ నవలకు ప్రాణం.

అయినా గీటురాయి మీద పెట్టినప్పుడు దాని పరిమితి కూడా చెప్పాలి. అది వంశకథ. వంశకథకు ఒక కుటుంబం కావాలి, ఆ కుటుంబం చివరికి ఒక ఒడ్డుకు చేరాలి. రచయిత తానే ఆ వంశంలో నిలబడి పూర్వీకుణ్ణి కనుక్కోవడంతో కథ నిండుతుంది. ఆ వంశవృక్షం సాక్ష్యాలను చరిత్రకారులు ప్రశ్నించారు. నాకు మాత్రం అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. బానిస వ్యాపారమంటే అమెరికా సంయుక్త రాష్ట్రాల కథ అని మన మనసుల్లో పాతుకుపోవడానికి ఈ పుస్తకం కొంత కారణమైంది. బ్రెజిల్ చేరిన 48 లక్షల మందికీ, కరీబియన్ చెరకు తోటల్లో పిల్లల్ని దక్కించుకోలేక పోయినవారికీ ఏడు తరాలు లేవు. వారి కథకు వంశకథ రూపం సరిపోదు. రూపాన్ని ఎన్నుకోవడంలోనే కొంత చరిత్ర జారిపోతుందని ఇక్కడ గమనించాలి.

దీని పక్కన రెండు కావ్యాలు పెట్టి చూద్దాం. బ్రెజిల్ కవి కాస్ట్రో ఆల్వెస్ 1868లో, ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థిగా 'బానిస ఓడ' రాశాడు. బ్రెజిల్‌కు ఓడల రాకను చట్టం నిలిపేసిన 1850 నాటికి అతనికి మూడేళ్ళు. అంటే చూడని ఓడను రాశాడు. సముద్రాన్నీ తుపానులనూ పిలిచి నిలదీస్తాడు. ఉపన్యాస ధోరణి ఎక్కువని పెదవి విరిచే విమర్శకులుంటారు. కాని తన దేశపు జెండా ఆ ఓడ మీద ఎగరడాన్ని చూసి సిగ్గుపడి, ఆ సిగ్గును బహిరంగంగా చదివిన ధైర్యం అతనిది. అప్పటికి బ్రెజిల్‌లో బానిసత్వం బతికే ఉంది. 1888 దాకా పోలేదు. కవి ఇరవై నాలుగేళ్ళకే కన్నుమూశాడు.

జర్మన్ కవి హైనే 1850ల మొదట్లో అదే పేరుతో మరో కవిత రాశాడు. అందులో ఆవేశం లేదు. ఓడలో కూర్చున్న ఒక వర్తకుడు లెక్కలు చూసుకుంటున్నాడు. చవక సరుకులిచ్చి సెనెగల్‌లో 600 మందిని కొన్నాడు. రియో చేరేసరికి సగం మంది బతికినా గొప్ప లాభం. మనుషులు దిగులుతో చచ్చిపోతుంటే వైద్యుడి సలహా మీద వాళ్ళచేత బలవంతంగా నాట్యం చేయిస్తారు. చివర వర్తకుడు దేవుణ్ణి ప్రార్థిస్తాడు. ఈ పాపుల ప్రాణాలు కాపాడమని! కనీసం 300 మంది మిగలకపోతే అతని వ్యాపారం మునుగుతుంది.

పాఠకుడు ఇక్కడ ఏడవలేడు. ముందు నవ్వు వస్తుంది, ఆ నవ్వు గొంతులోనే గడ్డకడుతుంది. హైనే వర్తకుడు రాక్షసుడు కాదు. భక్తుడు, లెక్క తెలిసినవాడు, తన సరుకు ఆరోగ్యం కోరుకునేవాడు. లాభం కోరే మనిషి నోట్లో దయ కూడా ఏ రూపం తీసుకుంటుందో ఆ ప్రార్థన చూపిస్తుంది. వ్యవస్థ ఒక పాత్ర మాటల్లో పలకడమంటే ఇదే. వస్తువు గొప్పదైతే శిల్పం అదే వస్తుందనుకునే మన యువకవులకు ఈ రెండు కావ్యాల పోలిక మంచి పాఠం. ఇద్దరి పక్షమూ ఒక్కటే. కాని ఆల్వెస్ ఓడను ఆకాశం నుంచి చూశాడు, హైనే చిట్టాపుస్తకంలోంచి చూశాడు. దారి రెండోచోట స్పష్టంగా కనిపించింది.

4

చిట్టా అన్నాను కనుక పత్రాల సంగతి. ఈ వ్యాపారం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం దాన్ని నడిపినవాళ్ళు రాసుకున్నదే. ఓడ దినచర్య, కొనుగోలు పట్టీ, బీమా కాగితం. వాటిలో మనిషికి అంకె ఉంటుంది, పేరు ఉండదు.

బానిస వ్యాపార వ్యతిరేకులు 1788-89లో ఇంగ్లండ్‌లో ప్రచురించిన 'బ్రూక్స్' ఓడ బొమ్మ ప్రపంచ ప్రసిద్ధం. చట్టం ఆ ఓడకు అనుమతించింది 454 మందిని. అంతకుముందు అది 600 మందికి పైగా మోసిన ఓడ. వరసలుగా పేర్చిన నల్లటి బొమ్మలు ఇంగ్లీషు ప్రజల మనసు కదిలించాయి. ప్రచార సాహిత్యంగా దాని విజయం నిర్వివాదం. కాని ఆ బొమ్మలో మనుషులు కదలరు, మాట్లాడరు, తిరగబడరు. సానుభూతి కోసం గీసిన బొమ్మ కూడా సరుకు పేర్చిన తీరునే అనుసరించింది. వాస్తవంలో దాదాపు ప్రతి పది ప్రయాణాల్లో ఒకదానిలో తిరుగుబాటు జరిగిందని పరిశోధకుల అంచనా. ఆ భయంతోనే ఓడవాళ్ళు అదనపు నావికుల్ని, ఆయుధాల్ని మోశారు. ఆ ఖర్చు వల్ల ఓడల సంఖ్య తగ్గి, ఎందరో ఈ దారిన పడకుండా తప్పించుకున్నారు. ఓడిపోయిన తిరుగుబాట్లు కూడా వర్తకుడి లెక్కలో జమ పడ్డాయన్నమాట. తిరుగుబాటును గెలుపుతోనే కొలిచే మన విమర్శ దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

1781లో 'జాంగ్' అనే లివర్‌పూల్ యజమానుల ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. నీళ్ళు చాలవన్నది సాకు. ఆ తర్వాత యజమానులు తలకు 30 పౌన్ల చొప్పున బీమా సొమ్ము అడిగారు. 1783లో కోర్టు ముందుకు వచ్చింది హత్యకేసు కాదు, నష్టపరిహారం కేసు. హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు.

కవయిత్రి ఎం. నూర్బెసె ఫిలిప్ 2008లో ఈ ఘటన మీద 'జాంగ్!' అనే కావ్యం తెచ్చింది. ఆ కేసు నివేదికలోని మాటల్నే ముక్కలు చేసి, చెదరగొట్టి, వాటితోనే కావ్యం కట్టింది. పుటలో మాటలు నీళ్ళమీద తేలుతున్నట్టు దూరదూరంగా ఉంటాయి. ప్రయోగమనగానే అనుమానించే అలవాటు మనకుంది. చాలాసార్లు అది న్యాయమైన అనుమానమే. కాని ఇక్కడ ప్రయోగం వస్తువులోంచి పుట్టింది. చనిపోయినవారి మాట ఒక్కటీ మిగలలేదు. మిగిలింది చంపినవారి భాష. ఆ భాషను విరగ్గొట్టకుండా వారి గొంతు వినిపించడం సాధ్యం కాదని ఆ కవయిత్రి నిర్ణయించుకుంది. పాఠకుడికి కష్టమైన పుస్తకమే. ఆ కష్టానికి కారణముంది.

5

బాధితులు స్వయంగా చెప్పినది ఏమీ లేదా? ఉంది, చాలా కొద్దిగా. వాటిలో మొదట చెప్పుకోవలసింది 1789లో లండన్‌లో వెలువడిన ఒలాడా ఎక్వియానో ఆత్మకథ. 1766లో 40 పౌన్లు చెల్లించి తన్ను తానే కొనుక్కున్న మనిషి అతను. ఆఫ్రికా, బార్బడోస్, వర్జీనియా, ఇంగ్లండ్, మోంట్సెరాట్ – అతని జీవితమే ఈ వ్యాపారపు పటం. బానిసగా ఉంటూనే, దీవుల మధ్య బానిసల్ని మోసే ఓడల్లో పనిచేశాడు. స్వేచ్ఛ పొందాక కూడా ఒక తోట కోసం బానిసల్ని ఎంపిక చేశాడు. దీన్ని దాచలేదు. చివరి అధ్యాయంలో, ఆఫ్రికాతో బానిస వ్యాపారం మాని సరుకుల వ్యాపారం చేస్తే ఇంగ్లీషు పరిశ్రమలకే లాభమని వాదించాడు. ఇది అతని రాజకీయ పరిమితి. ఆ కాలపు పాఠకుడికి అర్థమయ్యే భాష అదే అన్నది కూడా నిజం. అతని బాప్తిస్మం రికార్డులో జన్మస్థలం కరోలినా అని ఉండటం వల్ల, ఆఫ్రికా బాల్యం, ఓడ అనుభవం కల్పన కావచ్చని కొందరు పండితులు వాదిస్తున్నారు. ఒకవేళ అదే నిజమైనా, అతను తోటివారి దగ్గర విన్నదాన్ని తన గొంతుతో చెప్పాడని అర్థం. నోరులేని లక్షల మందికి ఒక నోరు కావడం సాహిత్యంలో తక్కువ పని కాదు.

బ్రెజిల్‌లో బానిసగా బతికిన ఆఫ్రికన్ చెప్పిన పుస్తకరూప జీవితకథగా మనకు తెలిసింది ఒక్కటే. అది మహొమ్మా బాక్వాక్వా 1854లో డెట్రాయిట్‌లో ప్రచురించినది. 48 లక్షల మందికి ఒక్క పుస్తకం! ఈ నిష్పత్తే ఒక విమర్శ.

మూడో సాక్షి కొస్సోలా. దిగుమతి నిషేధించిన యాభై ఏళ్ళకు పైగా గడిచాక, 1860లో, 'క్లోటిల్డా' అనే ఓడ దొంగతనంగా విదా నుంచి అలబామాలోని మొబైల్‌కు తెచ్చిన సుమారు 110 మందిలో ఒకడు. రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1927-28 ప్రాంతంలో ఆ వృద్ధుణ్ణి కలిసి అతని మాటలు రాసుకుంది. 1931 నాటికి పుస్తకం సిద్ధమైంది. మాండలికం తీసేసి మామూలు భాషలో రాయమన్నది ఒక ప్రచురణ సంస్థ షరతు. ఆమె ఒప్పుకోలేదు. 'బారకూన్' పేరుతో ఆ పుస్తకం 2018లో గాని వెలుగు చూడలేదు. మరుసటి ఏడే, 2019లో, బురదలో కూరుకుపోయిన క్లోటిల్డా శిథిలాలను గుర్తించారు. సాక్ష్యం నాశనం చేయడానికి ఓడను తగలబెట్టారు. సాక్షి నోటిని 'శిష్టభాష' దాదాపు తొంభై ఏళ్ళు మూసిపెట్టింది. మాండలికం మీద మనం ఇన్ని దశాబ్దాలు వాదించుకున్నాం. ఆ వాదంలో అసలు పణం ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

కొస్సోలా కథలో మరో చేదునిజం ఉంది. అతని ఊరి మీద పడి, నరికి, పట్టి, అమ్మినవారు పొరుగున ఉన్న దహోమీ రాజు సైనికులు. పదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "కొన్నవాళ్ళు తెల్లవాళ్ళు, సరే. అమ్మినవాళ్ళు కూడా నల్లవాళ్ళే కదా మాస్టారూ, మరి తప్పెవరిది?" మంచి ప్రశ్న. దీన్ని కొందరు యూరప్ నేరాన్ని చులకన చేయడానికి వాడుకుంటారు. మరికొందరు అభిమానం కొద్దీ ఈ విషయాన్నే దాటేస్తారు. రెండూ తప్పే. దహోమీ రాజూ, అతను పట్టించిన రైతూ ఒక వర్గం కాదు. తుపాకీ, బట్ట, సారా సముద్రం మీంచి వచ్చేకొద్దీ, మనుషుల్ని అమ్మే రాజు బలపడ్డాడు, అమ్మనివాడు చితికిపోయాడు. రంగుతోపాటు వర్గాన్ని చూడకపోతే దారిలో ఆఫ్రికా లోపలి సగం మనకు కనిపించదు. హర్‌స్టన్ ఆ నిజాన్ని దాచకుండా రాయడం ఆమె నిజాయితీ.

6

ఈ వ్యాపారం ఎలా ముగిసింది? సజ్జనుల మనస్సాక్షి మేల్కొని ముగించిందన్నది బ్రిటన్ చెప్పుకునే కథ. ట్రినిడాడ్ చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ 1944లో దాన్ని ఎదిరించాడు. బానిసల చెమట బ్రిటిష్ పరిశ్రమకు పెట్టుబడి అయిందనీ, లాభం తగ్గాకే మనస్సాక్షికి బలం వచ్చిందనీ వాదించాడు. లాభం తగ్గిందన్న భాగాన్ని తర్వాతి చరిత్రకారులు గట్టిగా ఖండించారు. చర్చ ముగియలేదు. అంతకు ముందే, 1938లో, సి.ఎల్.ఆర్. జేమ్స్ హైతీ విప్లవ చరిత్ర రాసి అసలు కథానాయకుల్ని ముందుకు తెచ్చాడు. 1791లో లేచి 1804 నాటికి స్వతంత్ర రాజ్యం స్థాపించుకున్న బానిసల్ని పక్కన పెట్టి రద్దు చరిత్ర రాయడం అసాధ్యమని ఆ పుస్తకం నిరూపించింది. 1833 చట్టం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు! అందుకు చేసిన అప్పు చివరి బాకీ తీరింది 2015లో.

బానిసలు పోయిన తోటల్లోకి ఒప్పందపు కూలీలు వచ్చారు. కోరంగి, మద్రాసు రేవుల నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నాటాల్‌కు వెళ్ళినవారిలో మన తెలుగువారున్నారు. వారి బాధ తక్కువది కాదు. కాని వారిని బానిసలతో సమానం చేయడం సరికాదు. కూలీ ఒప్పందానికి గడువుంది. బానిస బిడ్డ పుట్టుకతోనే మరొకరి ఆస్తి.

మన రచయితలకు ఇక్కడే ఒక విన్నపం. మన కవిత్వంలో 'బానిస' అన్న మాట చాలా చవకైపోయింది. ఆఫీసుకు బానిస, గడియారానికి బానిస, ప్రేమకు బానిస. మన నేలమీద వెట్టి, పాలేరుతనం, కులం కట్టిన సంకెళ్ళు ఉన్నాయి. వాటికి వాటి పేర్లే ఉన్నాయి, ఆ పేర్లతోనే రాయడం న్యాయం. వాటన్నిటినీ ఒక్క మాటలో కలిపేస్తే ఎవరి దారీ స్పష్టంగా కనపడదు. మనిషిని ఎవరు, దేనికోసం, ఏ సరుకుకు బదులుగా, ఏ దారిన తీసుకుపోయారో తెలుసుకుని ఆ మాట వాడాలి. దూరదేశపు దుఃఖం మీద కవిత రాయబోయే ముందు ఆ బట్ట ఎక్కడ నేసిందో ఒకసారి విచారించాలి. అలా విచారించి రాసిన కవితలోని కరుణ పాఠకుణ్ణి ఏడిపించి వదిలిపెట్టదు, లెక్క అడగడం నేర్పుతుంది.